కట్టు విప్పిన తర్వాత



చేయి విరిగితే మనవాళ్లు మొట్టమొదట అడిగేది ఒకటే: "ఎముక ఎన్నాళ్లకు అతుక్కుంటుంది?" హిందూపురంలోనైనా, పెనుకొండలోనైనా, ధర్మవరంలోనైనా ఇదే ప్రశ్న. మణికట్టు దగ్గర విరిగితే సాధారణంగా ఆరు వారాలని డాక్టరు చెబుతారు. ఆ ఆరు వారాలూ చేతిని మెడకు కట్టుకుని తిరుగుతాం. గడువు తీరాక కట్టు విప్పి, ఎక్స్‌రే తీసి, "బాగా అతుక్కుంది, ఇక భయం లేదు" అంటారు. సంతోషంగా ఇంటికొచ్చి సంగటి ముందు కూర్చుంటే వేళ్లు ముద్ద పట్టవు. రవిక హుక్కు పెట్టుకోలేం. బస్సెక్కితే కమ్మీ చేతికందుతుంది గానీ పిడికిలి బిగియదు. ఎముక బాగైంది, చేయి బాగుకాలేదు.

వైద్యంలో మిగిలిపోయిన ఆ రెండో సగం గురించే ఈ ప్రసంగం. బిగుసుకుపోయిన కీళ్లను మళ్లీ కదిలించడానికి తయారుచేసే స్ప్లింట్లు ఉన్నాయి. వైద్యులు వాటిని మొబిలైజేషన్ ఆర్థోసిస్ అంటారు. మనం స్ప్లింటు అనే అనుకుందాం. చేయి కదలకుండా ఆపే స్ప్లింటు అందరూ చూసిందే. కదలికను తిరిగి తెప్పించే స్ప్లింటు కూడా ఉందన్న సంగతి మన వైపు చాలామందికి తెలియదు. తెలియక, కాస్త ఓపిక పడితే వచ్చేసే చేతిని "ఇంతే రాసిపెట్టుంది" అని వదిలేస్తున్నారు. నాకు బాధ కలిగించేది అదే.

ముందుగా పుత్తూరు కట్టు మాట. మన ప్రాంతంలో దాన్ని తలవకుండా విరిగిన చేయి గురించి మాట్లాడలేం. ఉమ్మడి చిత్తూరు జిల్లా పుత్తూరు పేరుతో ఆ బోర్డు కర్ణాటక దాకా కనిపిస్తుంది. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు, గుడ్డ. తరతరాలుగా జనం దాన్ని నమ్మడానికి కారణాలు లేకపోలేదు. ఖర్చు తక్కువ, పిలిస్తే పలికే మనిషి, ఆపరేషన్ అనే భయం లేదు. ఎముక తొలగకుండా పగిలిన చోట ఆ కట్టుతో అతుక్కున్నవాళ్లు ఉన్నారు కూడా. నా అభ్యంతరం అతుక్కోవడం గురించి కాదు. కట్టు వేళ్ల కొసల దాకా పోతుంది, బిగుతుగా ఉంటుంది, ఎక్స్‌రే ఉండదు, వేళ్లు కదిలించమని చెప్పేవాళ్లు ఉండరు. ఆసుపత్రిలో వేసే పిండికట్టులోనూ ఈ తప్పు జరగకపోలేదు. అందుకే ఎక్కడ కట్టించుకున్నా ఒక సంగతి గమనించండి. మణికట్టు విరిగితే వేసే కట్టు అరచేతిలో, వేళ్ల మొదళ్లకు కిందుగా ఉండే గీత దగ్గర ఆగిపోవాలి. మెటికలు స్వేచ్ఛగా వంగాలి. గీత దాటి వేళ్ల మీదికి పాకిందంటే, ఎందుకని ఆ రోజే అడగండి. కొన్ని విరుపులకు అలా వేయాల్సిన అవసరం ఉంటుంది. అలాంటప్పుడు కారణం డాక్టరే చెబుతారు.

కట్టులో ఉన్న చెయ్యి ఎందుకు బిగుసుకుంటుంది? దెబ్బ తగిలిన చేతికి వాపు వస్తుంది. ఆ వాపు ఉత్త నీరు కాదు. గాయాన్ని అతికించే జిగురు పదార్థాలు అందులో ఉంటాయి. చేయి కిందికి వేలాడుతూ, వేళ్లు కదలకుండా ఉంటే, ఆ జిగురు కీలు చుట్టూ ఉండే పొరల మడతల్లో చేరి వాటిని ఒకదానికొకటి అతికిస్తుంది. తర్వాత కొల్లాజెన్ అనే నార అక్కడ పేరుకుంటుంది. పొరలు పొట్టివైపోతాయి. ఇందులో ఇంకో చిత్రం ఉంది. మెటిక దగ్గర కీలుకు రెండు పక్కలా ఉండే లిగమెంట్లు వేలు చాచినప్పుడు వదులుగా, వేలు వంచినప్పుడు బిగుతుగా ఉంటాయి. అక్కడ ఎముక తల గుండ్రంగా కాకుండా ఒక పక్కకు సాగి ఉండటమే అందుకు కారణం. కాబట్టి మెటికలు చాచి కట్టేస్తే, వదులుగా ఉన్న లిగమెంటు ఆ పొట్టి కొలతలోనే స్థిరపడిపోతుంది. ఇక వేలు వంగదు. నడిమి కణుపుది దీనికి పూర్తిగా ఎదురు. అది వంగిన స్థితిలో ఉండిపోతే అరచేతి వైపున్న పొర కుదించుకుపోయి, వేలు చాచడం రాదు. అందుకే చేతి వైద్యం తెలిసినవాళ్లు చేతిని కట్టాల్సివస్తే మణికట్టును కొంచెం వెనక్కి, మెటికలను బాగా వంచి, నడిమి కణుపులను తిన్నగా పెట్టి కడతారు. చూడటానికి అసహజంగా ఉంటుంది గానీ, తర్వాత విప్పినప్పుడు చేయి తేలిగ్గా దారికొచ్చే భంగిమ అదే.

కట్టు విప్పాక వేళ్లు రాకపోతే ఇళ్లలో జరిగేదేమిటో మనకు తెలుసు. ఆముదమో నువ్వులనూనో వేడిచేసి పెట్టి, బలమైన మనిషి ఒకాయన చేయి పట్టుకుని "ఓర్చుకోప్పా, ఒక్కసారి నొప్పి, ఆనక పోతాది" అంటూ వేళ్లను బలవంతంగా వంచుతాడు. ఆ పూట వేలు ఒక పిసరు వంగుతుంది. మర్నాటికి చెయ్యి బూరెలా ఉబ్బుతుంది. వారం తిరిగేసరికి ముందున్న కదలిక కూడా పోతుంది. నూనె రాయడంలో తప్పులేదు, చర్మం మెత్తబడుతుంది. తప్పంతా ఆ బలవంతంలో ఉంది. ఒక్క గుంజుడుకు పొరలు సాగవు, చిరుగుతాయి. చిరిగిన చోట మళ్లీ నెత్తురు, మళ్లీ వాపు, మళ్లీ ఆ జిగురే.

మరి ఎలా సాగుతాయి? మన ఊళ్లలో పెద్ద అవ్వల చెవులు చూసే ఉంటారు. చిన్నప్పుడు సూదిమొన పట్టేంత రంధ్రం. బరువైన కమ్మలు ఏళ్ల తరబడి వేలాడి, చెవి తమ్మె ఎంతో కిందికి దిగి ఉంటుంది. ఎక్కడా చిరగలేదు, పుండు పడలేదు. చర్మం పెరిగింది. అదే కమ్మను దొంగ ఒక్కసారి పట్టి లాగితే తమ్మె రెండుగా చీలిపోతుంది. కీలు చుట్టూ ఉన్న పొరల స్వభావమూ ఇదే. తక్కువ బలంతో, ఎక్కువసేపు, విడవకుండా పట్టుకుంటే శరీరం ఆ లాగుడును గుర్తించి కొత్త కణజాలాన్ని చేరుస్తుంది. చేతి స్ప్లింట్ల శాస్త్రమంతా ఈ ఒక్క సత్యం మీద నడుస్తుంది.

ఈ సత్యాన్ని లోకానికి గట్టిగా చెప్పినవాళ్లలో ఒకాయన మనకు దగ్గరి మనిషే. రాయవేలూరు పెద్దాసుపత్రి, అంటే సి.ఎం.సి., రాయలసీమ వాళ్లకు కొత్త కాదు. అక్కడికి 1946లో పాల్ బ్రాండ్ అనే సర్జన్ వచ్చాడు. ఆయన 1914లో తమిళ దేశపు కొల్లిమలల్లో పుట్టాడు. తల్లిదండ్రులు అక్కడ మిషనరీలు. లండన్‌లో వైద్యం చదివి తిరిగి వచ్చాడు. ఒకసారి చెంగల్పట్టులో కుష్ఠువ్యాధి ఉన్నవాళ్లు ఉండే ఆసుపత్రికి వెళ్లాడు. అక్కడి వైద్యుడు రాబర్ట్ కాక్రేన్ ఆయనకు అంతా తిప్పి చూపిస్తున్నాడు. వేళ్లు కొంకర్లు పోయిన ఒక మనిషి చేతిలో బ్రాండ్ తన చేయి పెట్టి, గట్టిగా పట్టుకోమన్నాడు. ఆ పట్టు ఎంత బలంగా ఉందంటే ఆయనకు నొప్పి పుట్టింది. ఆ క్షణంలో ఆయనకు అర్థమైంది: ఈ చేయి చచ్చుబడలేదు. మోచేతి కింద కండరాలు బాగానే ఉన్నాయి. చేతిలోని చిన్న కండరాలకు పోయే నరం మాత్రమే దెబ్బతింది. బాగున్న కండరం టెండాన్‌ను, అంటే దాన్ని ఎముకకు కలిపే తాడులాంటి భాగాన్ని, తీసి పనిచేయని చోటికి మళ్లిస్తే వేళ్లు మళ్లీ తెరుచుకుంటాయి.

ఆయన ఆ ఆపరేషన్లతోనే ప్రపంచానికి తెలిశాడు. కానీ మన ప్రసంగానికి అవసరమైనది ఆపరేషన్‌కు ముందరి పని. ఏళ్ల తరబడి వంగి ఉండిపోయిన వేలు కీలు దగ్గర బిగుసుకుపోయి ఉంటుంది. బిగుసుకున్న కీలుకు ఎంత మంచి టెండాన్ కలిపినా లాభం లేదు. తాళం తుప్పుపట్టిందని తెలిసి కొత్త తాళంచెవి చేయించడం ఎందుకు? అందుకని ముందు వేలు మెత్తబడాలి. దానికి బ్రాండ్, ఆయనతో పనిచేసినవాళ్లు వాడింది ఖరీదైన యంత్రం కాదు, ప్లాస్టర్ ఆఫ్ పారిస్. సన్నని పట్టీని నీటిలో తడిపి, వేలిని నొప్పి లేకుండా ఎంత చాచగలమో అంత చాచి, చుట్టూ గొట్టంలా చుట్టి, గట్టిపడేదాకా పట్టుకుంటారు. కొన్ని రోజుల తర్వాత గోరువెచ్చని నీటిలో నానబెట్టి ఆ గొట్టం తీస్తారు. వేలు ఇంకొన్ని డిగ్రీలు తెరుచుకుని ఉంటుంది. అక్కడి నుంచి మళ్లీ కొత్త గొట్టం. ఇలా మెట్టు మెట్టుగా. బ్రాండ్ 1966లో అమెరికాలోని కార్విల్ కుష్ఠువ్యాధి ఆసుపత్రికి వెళ్లాక అక్కడా ఇదే నేర్పాడు. 1985లో చేతి కదలికల మీద ఆయన రాసిన పుస్తకం ఇప్పటికీ చేతి వైద్యులు చదివే పుస్తకం. మనకు పక్కనే ఉన్న రాయవేలూరులో, పేదవాళ్ల చేతుల మీద పుట్టి పెరిగిన విద్య ఇది. ఖరీదైన పరికరాలు లేవన్న సాకు మనకు చెల్లదని నేననేది ఇందుకే.

ఇప్పుడు వాడే స్ప్లింట్లు మూడు తరహాలు. ఒకటి నేనిప్పుడు చెప్పిన తరహా, అంటే మెట్టు మెట్టుగా మార్చే కట్టు. నడిమి కణుపు వంగిపోయి చాచలేనివాళ్లకు ఇది దివ్యంగా పనిచేస్తుంది. తీసి పక్కన పెట్టేయడానికి వీలుండదు కాబట్టి రోగి మరిచిపోయినా కట్టు తన పని మానదు. రెండోది రబ్బరు బ్యాండో, స్ప్రింగో పెట్టి లాగేది. వేలు ఎంత సాగితే అది అంతకంతా లాగుతూ ఉంటుంది. కొత్తగా బిగుసుకున్న, ఇంకా కాస్త స్పందించే కీళ్లకు ఇది నప్పుతుంది. మూడోదానిలో సాగని దారమో, నైలాన్ తీగో, వెల్క్రో పట్టీయో, చిన్న మరో ఉంటుంది. వేలిని ఒకచోటికి లాగి అక్కడ నిలబెడుతుంది. కాసేపటికి పొరలు సడలినట్టు తెలిస్తే రోగే స్వయంగా మరను ఇంకొక పిసరు తిప్పుకుంటాడు. పాతబడి, ముట్టుకుంటే గోడను తాకినట్టుండే కీళ్లకు ఇది ఎక్కువ పనికొస్తుంది. ఏది ఎవరికన్నది థెరపిస్టు వేలిని పట్టి వంచి, చివర్లో అది స్ప్రింగులా తిరిగి తోస్తోందా, రాయిలా ఆగిపోతోందా అని తన చేత్తో తెలుసుకుని నిర్ణయిస్తారు.

లాగే దిక్కు గురించి కొంచెం నిదానించి చెబుతాను, ఎందుకంటే స్ప్లింటు చెడేది ఎక్కువగా ఇక్కడే. దారం వేలి ఎముకకు సరిగ్గా లంబంగా, తొంభై డిగ్రీల కోణంలో లాగాలి. వాలుగా లాగితే ఆ బలంలో కొంత కీలును లోపలికి నొక్కడానికో, బయటికి పీకడానికో పోతుంది. కీలులో నొప్పి పుడుతుంది, కదలిక రాదు. వేలు మెల్లగా వంగేకొద్దీ ఆ కోణం కూడా మారిపోతుంది. ఈ వారం సరిగ్గా ఉన్న స్ప్లింటు రెండు వారాల తర్వాత తప్పుగా లాగుతూ ఉంటుంది. అందుకే ఒకసారి చేయించుకుని, బాగుందని ఆరునెలలు అలాగే పెట్టుకోకూడదు. వేలి చిన్న కీళ్లకు వాడే బలం కూడా చాలా తక్కువ, సుమారు 100 నుంచి 300 గ్రాములు. అంత తక్కువేనా అనిపించవచ్చు. పనిచేసేది బలం కాదు, సమయం.

ఆ సమయాన్ని కొలిచి చూసినవాళ్లూ ఉన్నారు. 1994లో ఫ్లవర్స్, లాస్టేయో అనే ఇద్దరు, నడిమి కణుపు బిగుసుకున్నవాళ్లకు ప్లాస్టర్ గొట్టాలు వేసి చూశారు. మూడు రోజులు ఉంచినప్పుడు సగటున మూడు డిగ్రీల కదలిక పెరిగింది. ఆరు రోజులు ఉంచినప్పుడు అయిదు డిగ్రీలకు పైన. చూడటానికి చిన్న సంఖ్యలే. కానీ వాళ్లు తేల్చిన సూత్రం పెద్దది: కీలును దాని చివరి హద్దు దగ్గర మొత్తం ఎంతసేపు ఉంచామన్నదాన్ని బట్టే కదలిక పెరుగుతుంది. వారానికొకసారి బస్సెక్కి వచ్చి, పావుగంట చేయించుకుని వెళ్లే వ్యాయామం ఒక్కదానితోనే ఇది కాదని దీన్నిబట్టి తేలుతుంది. మిగిలిన గంటల్లో ఇంటి దగ్గర పని చేసేది స్ప్లింటే.

ఈ లెక్క మన ప్రాంతం వాళ్లకు మరీ ముఖ్యం. హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్, పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీ, ధర్మవరం మగ్గాలు, నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చెక్కే ఇళ్లు, ఊరూరా వేరుశనగ చేలు. ఇక్కడ కడుపు నింపేవి చేతులే. ధర్మవరంలో పట్టుచీర నేసేవాళ్ల పని ఒకసారి దగ్గరగా చూడండి. పాత పడుగు అయిపోయి కొత్త పడుగు ఎక్కించేటప్పుడు, పాత పోగు కొసకు కొత్త పోగు కొసను కలిపి బొటనవేలూ చూపుడువేలూ మధ్య పెట్టి మెలిపెడతారు. ఒకటి తర్వాత ఒకటి, అలా వేల పోగులు. ఆ మెలికలో చూపుడువేలి నడిమి కణుపు ఒక కోణంలో వంగి, బొటనవేలి మొన దాని పక్కకు సరిగ్గా వచ్చి తగలాలి. వేలు చాచి ఉండిపోతే మొన అందదు. వంగి ఉండిపోతే పోగు జారిపోతుంది. అలాంటి చేయి వైద్యానికి నా దగ్గరకు వచ్చినప్పుడు పుస్తకంలో ఉన్నట్టు వేలు పూర్తిగా ముడుచుకోవాలన్న లక్ష్యం ముందు పెట్టుకోను. "అమ్మా, పోగు పట్టే తీరు ఒకసారి చూపించు" అంటాను. దారం ముక్క ఇస్తాను. ఎక్కడ ఆగుతోందో అక్కడ కొలుస్తాను. ముందు ఆ కోణం రావాలి. అది వస్తే ఆమె మగ్గం ముందు కూర్చోగలదు. మిగతా డిగ్రీలు తర్వాత తెచ్చుకోవచ్చు.

ఇంట్లోనే చేసుకోగల చిన్న పరీక్ష ఒకటి చెబుతాను. రాని వేలిని రెండో చేత్తో మెల్లగా వంచి చూడండి. రెండో చేత్తో వంగి, తనంతట తాను వంగకపోతే, చిక్కు కీలులో కాదు. టెండాన్ తెగడమో, అతుక్కుపోవడమో, నరం దెబ్బతినడమో అయి ఉంటుంది. కీలును సాగదీసే స్ప్లింటు దానికి వైద్యం కాదు, వెంటనే సర్జన్‌కు చూపించాలి. రెండో చేత్తోనూ వంగకపోతే కీలో, దాని చుట్టూ ఉన్న పొరలో బిగుసుకున్నాయి. ఇంకొకటి. వేళ్లు చాచలేనప్పుడు మణికట్టును కిందికి వంచి చూడండి. అప్పుడు వేళ్లు తెరుచుకుంటే, పొట్టిగా అయింది కీలు కాదు, మోచేతి నుంచి వచ్చే కండరమూ టెండానూ. అలాంటప్పుడు స్ప్లింటు వేలికి మాత్రమే కాకుండా మణికట్టును కూడా కలుపుకుని ఉండాలి.

కొన్ని చేతులకు ఈ స్ప్లింట్లు వేయకూడదు. ఎముక ఇంకా అతుక్కోకపోతే, చీము ఉంటే, కీలు లోపల ఎముక ముక్క అడ్డుపడి ఉంటే సాగదీయడం హాని. అందుకే ఎక్స్‌రే లేకుండా మొదలుపెట్టకూడదు. చెయ్యంతా మంటగా, ఎర్రగా, నిగనిగలాడుతూ, తాకితే భరించలేనట్టుంటే ముందు ఆ మంటకు వైద్యం కావాలి. చక్కెర జబ్బు వల్లగానీ, కుష్ఠువ్యాధి వల్లగానీ చేతికి స్పర్శ తగ్గినవాళ్లు మరింత జాగ్రత్తపడాలి. స్ప్లింటు ఎక్కడ ఒత్తుతోందో వాళ్లకు తెలియదు, కాబట్టి కళ్లతో చూడాలి. మొదటి రోజు రెండు గంటలకొకసారి తీసి చర్మం చూడండి. ఎర్రని మచ్చ ఇరవై నిమిషాల్లో పోకపోతే ఆ చోట స్ప్లింటును సరిచేయించాలి. వేలి కొస తెల్లబడినా, నీలంగా మారినా, తిమ్మిరెక్కినా వెంటనే విప్పేయాలి. ప్లాస్టర్ గొట్టం అయితే నీళ్లలో నానబెట్టి తీసేయండి. సాగుతున్నట్టు తెలియడం మంచిదే. నిద్రపట్టనివ్వనంత నొప్పి మంచిది కాదు.

ఇప్పుడు చాలా చోట్ల తెల్లని ప్లాస్టిక్ పలకతో స్ప్లింట్లు చేస్తున్నారు. అరవై డెబ్బై డిగ్రీల వేడి నీటిలో వేస్తే ఆ పలక మెత్తబడుతుంది, చేతి మీద పెట్టి అచ్చు తీస్తారు, కొద్ది నిమిషాల్లో గట్టిపడుతుంది. తేలికగా, శుభ్రంగా ఉంటుంది. కానీ అనంతపురం ఎండల్లో దానికి ప్రమాదం ఉంది. మూసిన కారులో, ఎండలో నిలిపిన బండి మీద వదిలేస్తే ఆకారం పోతుంది. పొయ్యి పక్కన పెట్టకండి. వేడినీళ్లతో కడగకండి, చల్లని నీళ్లూ సబ్బూ చాలు. ఆ పలక ఖరీదు భరించలేనివాళ్లు నిరాశపడక్కర్లేదు. బ్రాండ్ వాడిన పిండికట్టు ఇవాళ కూడా అంతే బాగా పనిచేస్తుంది, ఖర్చు చాలా తక్కువ.

రోజూ ఎంతసేపు పెట్టుకోవాలి? రబ్బరు బ్యాండుతో లాగేది అయితే చాలా గంటలు. మర తిప్పేది అయితే అరగంట చొప్పున రోజుకు మూడుసార్లు పెట్టుకోమంటారు. మీ కీలుకు ఎంతన్నది మీ థెరపిస్టు చెబుతారు. మీరు అడగాల్సింది మాత్రం ఒకటుంది: "నా పని వేళలకు తగ్గట్టు ఎలా పెట్టుకోవాలి?" పగలు మగ్గం మీద ఉండేవాళ్లకు రాత్రి పెట్టుకునే స్ప్లింటు కుదురుతుంది. షిఫ్టు ఉద్యోగమైతే తిరుగు ప్రయాణంలో ఒక అరగంట దొరుకుతుంది. హిందూపురం నుంచి పెనుకొండ మీదుగా ధర్మవరానికి రైల్లో వెళ్లేవాళ్లు ఆ ప్రయాణాన్ని ఇలా వాడుకోవచ్చు. స్ప్లింటు తీసిన ప్రతిసారీ ఆ వేలిని మీ అంతట మీరు వంచి చాచి, ఏదో ఒక పనికి వాడండి: చిక్కుడుకాయలు ఒలవండి, కొత్తిమీర ఏరండి, పిండి కలపండి. కొత్తగా వచ్చిన కదలికను కండరం తన సొంతం చేసుకోకపోతే అది నిలవదు.

మీ ఇంట్లో ఎవరికైనా ఇప్పుడు చేయి కట్టులో ఉంటే, ఈ రోజే మొదలుపెట్టగల పని ఉంది. చేతిని దిండు మీద గుండె కంటే ఎత్తులో పెట్టించండి. కట్టులో లేని వేళ్లను గంటకు పదిసార్లు పూర్తిగా మూసి తెరవమనండి. భుజాన్ని కూడా పైకెత్తించండి, ఎందుకంటే చేయి విరిగినవాళ్లలో చాలామందికి భుజం కూడా బిగుస్తుంది. కట్టు విప్పాక వేళ్లు రాకపోతే "మెల్లగా అదే వస్తుందిలే" అని నెలలు గడపొద్దు. కట్టు విప్పిన వారంలోనే ఫిజియోథెరపిస్టుకో, ఆక్యుపేషనల్ థెరపిస్టుకో చూపించండి. ఆలస్యమైపోయిందని అనుకునేవాళ్లు కూడా ఒకసారి వచ్చి కొలిపించుకోండి. కొల్లాజెన్ ముదిరినకొద్దీ పని కష్టమవుతుంది గానీ, నెలలు గడిచిన కీళ్లు కూడా సాగుతాయి. కాకపోతే దానికి మెట్టు మెట్టుగా మార్చే కట్టో, మర తిప్పే స్ప్లింటో కావాలి, ఎక్కువ వారాలు కావాలి. వచ్చేటప్పుడు పాత ఎక్స్‌రేలు, ఆపరేషన్ అయి ఉంటే ఆ కాగితాలు తెచ్చుకోండి. మీరు చేసే పనిలో చేతితో పట్టే వస్తువు ఏదైనా, నాడె గానీ, కొడవలి గానీ, స్పానర్ గానీ, వీలైతే అదీ వెంట తెచ్చుకోండి.